పోగు తెలియని పన్ను

హిందూపురం స్టేషను రోడ్డులో, మందుల దుకాణానికీ కళ్ళజోళ్ళ దుకాణానికీ నడుమ ఇరుకుగా నిలబడిన మేడ మీది నుంచి డాక్టర్ వేణుమాధవ్ ముప్పై ఎనిమిది కిరీటాలను పరిపాలిస్తుండేవాడు. అన్ని కిరీటాలు ఒక్కరి ఏలుబడిలో ఉండటం చరిత్రలో అరుదు. పూర్వపు ప్రభువులు కిరీటాన్ని తమ నెత్తిన పెట్టుకొని ఇతరుల తలలు వంచారు. ఈయన కిరీటాన్ని ఇతరుల నోళ్ళలో పెట్టి, ఏడాదికొకసారి దయచేసి నోరు తెరవండని ఫోనులో వేడుకొనేవాడు.

సంగతి సులువైనదే. ఒక్క పన్ను పోగొట్టుకొన్నవారి దవడ ఎముకలోకి టైటానియం మర ఒకటి దింపి, అది ఎముకతో కలిసిపోయాక దానిపై పింగాణీ పన్ను బిగిస్తారు. జనం దాన్ని క్యాపు అంటారు. డాక్టరు మాత్రం తన వ్యాసాలలో కిరీటమనే వ్రాసేవాడు. 2014లో అలా బిగించిన ముప్పై ఎనిమిదింటిని పదేళ్ళపాటు ఏటేటా పరీక్షించి, అవి ఎంత కాలం నిలిచాయో, ఎలా నిలిచాయో లోకానికి ప్రకటించడం ఆయన పట్టిన వ్రతం. లోకం ఆ వార్త కోసం కాచుకొని ఉందనడానికి ఆధారాలు లేవు. అది ఆయన ఉత్సాహానికి అడ్డు రాలేదు.

వ్రతభంగాలు లేకపోలేదు. ఆమడగూరు నుంచి వచ్చే ఇరవై ఆరో నంబరు, గొర్రెల మంద గల ఆసామి, మూలగ బొమికతో జరిగిన ద్వంద్వయుద్ధంలో కిరీటపు అంచును కోల్పోయాడు. రొళ్ల వాసియైన తొమ్మిదో నంబరుకు మర మూడుసార్లు వదులైంది. వదులైనది మర కాదు, డాక్టరే అని ఆయన మూడుసార్లూ ఊరంతా చాటాడు. ఇద్దరు బెంగళూరు చేరి ఫోను నంబర్లు మార్చుకొన్నారు. ఈ చిన్నా పెద్దా పరాజయాల నడుమ చెక్కుచెదరక నిలిచింది పదిహేడో నంబరు.

పదిహేడో నంబరు అసలు పేరు జయమ్మ. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మార్కండేయులు భార్య. పై వరుసలో ఎడమవైపు ముందరి పన్ను నిలువునా చీలి, యాభై రెండో ఏట ఆమె డాక్టరు దగ్గరకు వచ్చింది. చీలిన పన్ను అంచున సన్నని గాటు ఉండటం ఆయన గమనించాడు. ముప్పై ఏళ్ళుగా పట్టుపోగు ఒకేచోట ఒరుసుకొని చేసిన గాటు అది. దాని వెంటే పన్ను చీలింది. డాక్టరు ఆ గాటును ఫోటో తీసి, రోగలక్షణంగా నమోదు చేసి, పన్నును పీకి చెత్తబుట్టలో వేశాడు. దాని స్థానంలో ప్రతిష్ఠించిన పింగాణీ పన్నుకు గాటు లేదు, గీత లేదు, మచ్చ లేదు. పక్కపళ్ళ రంగుకు అది ఎంతగా సరిపోయిందంటే, రెండో ఏడాది పరీక్షలో ఏది తాను పెట్టినదో ఎక్స్‌రే చూసి గాని ఆయనే పోల్చుకోలేకపోయాడు.

అది మొదలు ఆయన ప్రసంగాలన్నింటిలో పదిహేడో నంబరు తెరపై వెలుగుతూ వచ్చింది. ముఖం ఉండదు, పెదవులు, పళ్ళు మాత్రమే. చిగురు ఆరోగ్యం: ఉత్తమం. ఎముక అరుగుదల: లెక్కకు రానంత. పింగాణీ పెచ్చు: లేదు. మర వదులు: లేదు. రోగి సంతృప్తి: పదికి పది, ఏటేటా, తప్పకుండా. ఆ చివరి అంకెను నింపేది శైలజ, ఆసుపత్రి ముందరి గదిలో అద్దం వెనుక కూర్చొని పేర్లు పిలిచే అమ్మాయి. పరీక్ష గదిలో డాక్టరు "ఎట్లుందమ్మా పన్ను?" అని అడిగితే జయమ్మ "బాగుండాది సార్, పదికి పది ఏసుకోండి" అనేది. ఆ మాట శైలజ దాకా వెళ్ళి, శైలజ చేతిలో అంకెగా మారేది.

పదో ఏట జయమ్మ రాలేదు. ఫోను చేస్తే కొడుకు మోహన్ ఎత్తాడు.

"నాయన పొయ్యి ఎనిమిది నెలలాయ సార్. అమ్మ యాడికీ కదలడంల్యా."

డాక్టరు నిజంగానే నొచ్చుకొన్నాడు. ఆ నొప్పి మధ్యాహ్నం భోజనం దాకా కల్తీ లేకుండా నిలిచింది. తరువాత అందులోకి పదిహేడో నంబరు చొరబడింది. మరుసటి నెల దంతవైద్యుల సభలో పదేళ్ళ ఫలితాలు ప్రకటించాలి. తన సామ్రాజ్యపు కోహినూరుకు ఎదురుగా 'ఆచూకీ లేదు' అని వ్రాసుకోవడం ఏ ప్రభువు భరించగలడు? రోగి వైద్యుడి వద్దకు రాకుంటే వైద్యుడే వెళ్ళాలని తీర్మానించి, పరికరాల పెట్టె, కెమెరా, ఫారాలు, ఫారాలు నింపే శైలజ — ఈ చతురంగబలాలతో ఒక బుధవారం ఉదయం కారెక్కాడు.

జయమ్మ ఇల్లు ఒకే పొడవాటి గది. ఆ గదిలో సగం మగ్గానిదే. నేసేవాడు కాళ్ళు దించి కూర్చొనే గుంత ఖాళీగా ఉంది. మగ్గం మీద మాత్రం పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, చివరి జానెడు మిగిలి బిగువుగా నిలిచి ఉంది. మోహన్ డాక్టరుకు కుర్చీ వేసి, శైలజకు పీట వేసి, టీ చెప్పి రావడానికి వెళ్ళాడు.

"ఇంత దూరం వస్తిరా సార్! ఫోన్ల చెప్పింటే నేనే వస్తాంటి గదా," అంది జయమ్మ, రానని కొడుకు చేత చెప్పించిన సంగతి మరిచినట్టు.

వాకిట వెలుతురులో ఆమెను కూర్చోబెట్టి డాక్టరు నోరు పరీక్షించాడు. అద్భుతం. పదేళ్ళు ఆ పింగాణీని తాకి వెళ్ళాయేగాని గీరలేకపోయాయి. చుట్టూ ఉన్న సహజమైన పళ్ళు అరిగాయి, పచ్చబడ్డాయి, ఒకటి కదులుతోంది. వాటి నడుమ అది ఒక్కటే ముసలితనం ఎరుగదు. ఆయన ఆరు ఫోటోలు తీశాడు. చివరి ప్రశ్న అలవాటుగా అడిగాడు.

"ఎట్లుందమ్మా పన్ను?"

"బాగుండాది సార్. పదికి పది ఏసుకోండి." అంతలోనే జయమ్మ పీట మీదున్న శైలజ వైపు తిరిగి, గొంతు కొంచెం తగ్గించి అంది. "పోగు నిలవడంల్యా తల్లీ. నీకు ఏటేటా చెప్తాండా గదా."

హిందూపురంలో పరీక్ష గదికీ ముందరి గదికీ మధ్య గోడ ఉంది, అద్దం ఉంది. ఇక్కడ ఏమీ లేదు. పదేళ్ళలో మొదటిసారి ఆ రెండో వాక్యం డాక్టరు చెవిన పడింది.

"ఏం చెప్తోంది శైలజా?"

శైలజ ఫారం వైపు చూసింది. "ప్రతి సంవత్సరం పొయ్యేటప్పుడు చెప్తాది సార్. పోగు నిలవడంల్యా, పోగు తెలీడంల్యా అని. మగ్గం సంగతి అనుకున్న్యా. ఫారంలో యాడ రాయల్ల? పెచ్చు లేచిందా అని ఉండాది, మర వదులా అని ఉండాది. పోగని యాడా ల్యా."

"నాకు చెప్పొచ్చు కదమ్మా!" డాక్టరు జయమ్మ వైపు తిరిగాడు. "పదేళ్ళు పదికి పది అన్నావే!"

జయమ్మ నొచ్చుకొంది. ఆ నొప్పిలో చదువుకొన్నవాళ్ళకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్న ఆశ్చర్యం ఉంది.

"చేసినోళ్ల ముందర చేసిన పనిని తప్పు పడతారా సార్? మా ఇండ్లల్లో అట్ల అనం. చీరలో పోగు తప్పింటే, నేసినాయప్పకు బాగుండాదనే చెప్తాం. తప్పు పక్కనుండేటోళ్లకు చెప్తాం. వాండ్లు అదును చూసి చెప్తారు. అట్లయితే మాట మనసును కొయ్యదు. నేను ఈ పాపకు చెప్తాంటి. ఈ పాప మీకు చెప్పింటాదనుకుంటి. చెప్పినా మీరు ఏం జెయ్యల్యాక ఊరకున్నారేమోలే, అడిగి నొప్పించేదెందుకని..."

ఆ వీధి మర్యాద అటువంటిది. అద్దం వెనుక కూర్చొనే అమ్మాయిని దూతగా నియమించానని జయమ్మ పదేళ్ళు నమ్మింది. నియామకం జరిగినట్టు ఆ అమ్మాయికి తెలియదు. డాక్టరుకు మొదట తట్టింది మాత్రం మర్యాద గురించి కాదు. ముప్పై ఎనిమిది మందిలో ఇంకెందరు పదికి పది వేయించుకొని, మిగతాది గోడకు అవతల చెప్పి వెళ్ళారో!

"సరే, నాకే చెప్పు. ఏం తెలియడం లేదు?"

జయమ్మ ఇంకా సందేహించి, చివరకు సగం శైలజ వైపూ సగం డాక్టరు వైపూ తిరిగి చెప్పింది.

మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగును దానికి అతకాలి. నాలుగు వేలకు పైచిలుకు పోగులు. ఒక్కో పాత పోగు కొసకు ఒక్కో కొత్త పోగు కొసను విబూది అద్దిన వేళ్ళతో మెలిపెట్టాలి. అందరూ రెండు చేతులతో చేస్తారు. జయమ్మ మాత్రం అత్త నేర్పిన పద్ధతిలో పాత కొసను ముందరి పంటి గాటులో ఆనించి పట్టి, రెండు చేతులూ కొత్త పోగుకు వదిలేది. పన్ను ఊరికే పట్టుకోదు. పోగు ఒంటిదో జంటదో, గట్టిదో నలిగిందో, ఇంకెంత లాగితే తెగుతుందో పంటికి తెలుస్తుంది. చూడనక్కరలేదు. ఇతరులకు మూడు రోజులు పట్టే అతుకు ఆమె రోజున్నరలో ముగించేది. వీధిలో సగం మగ్గాలు ఆమె కోసం కాచుకొనేవి. తన మొగుడి మగ్గాన్ని మాత్రం కాచుకోనిచ్చేది కాదు. పెళ్ళయినప్పటి నుంచి దానిమీద ఎక్కిన ప్రతి పడుగునూ ఆమే అతికింది.

"మీరు పన్ను పెట్టినాక పోగు జారిపాయ. బలంగా కరిస్తే పుటుక్కున తెగిపాయ. ఏది కరుస్తాండానో, ఎంత కరుస్తాండానో తెలీదు. పక్క పంటితో జూస్తి. దానికి పని రాదు సార్, ఎంత చెప్పినా."

"మరి అతకడం?"

"మానుకుంటి. కండ్లు కనపడ్లేదంటి."

"ఎవరితో?"

"అందరితో. ఆయనతో గూడా." ఆమె చెంగుతో అక్కరలేకున్నా మగ్గపు కర్రను తుడిచింది. "పన్ను సంగతి చెప్తే ఆయన ఊరకుండే మనిషా? హిందూపురం వచ్చి మీ ఆసుపత్రి ముందర నిలబడి కేకలేస్తాండె. మీరు చూస్తే దేవుని మాదిరి చేసి పెట్టిన్రి. కండ్లంటే ఎవురికీ బాధ ల్యాదు గదా అనుకుంటి. ఆయన కదిరికి పొయ్యినప్పుడు కండ్లద్దాలు తెచ్చె. పెట్టుకుంటి. అయినా అతకల్యా. ఒగ రోజు అడిగె నన్ను. నా మగ్గమంటే నీకు విసుగొచ్చిందా ఏమే, అని. లేదంటి. నమ్మల్యా. మళ్ళీ అడగల్యా."

అప్పటి నుంచి ఆ మగ్గం మీది ప్రతి పడుగునూ పరాయి చేతులు అతికాయి. మార్కండేయులు ఆ పరాయి అతుకుల మీదనే నేస్తూ, అడగని ప్రశ్నకు జవాబు తానే ఊహించుకొంటూ, గుంతలో కూర్చొని ముసలివాడై, ఒక మధ్యాహ్నం అక్కడే ఒరిగిపోయాడు.

టీ గ్లాసులతో మోహన్ లోపలికి వచ్చాడు. "శుక్రవారం వడ్రంగి వస్తాడు సార్. మగ్గం ఎత్తేసి గుంత పూడ్చి బండలు పరిపిస్తాండా. రెండు మరమగ్గాలు పెడితే గాని జరగదు. అమ్మ ఒప్పుకున్న్యాది."

"ఒప్పుకున్న్యా," అంది జయమ్మ. "ఒగటే అడిగితి."

పెట్టె మూత తీసి చూపింది. నేరేడుపండు రంగు కొత్త పడుగు, చుట్ట చుట్టి తెల్లగుడ్డలో. మార్కండేయులు పోయే ముందు వారం తానే రంగు చెప్పి అద్దించుకొన్నది. మగ్గం ఎక్కలేదు.

"దీన్ని ఆయన పోగుకు నేను అతకల్ల సార్. నేసేది ల్యా, అమ్మేది ల్యా. అతికినాక ఎత్తేసుకోనీ. పోయేటప్పుడన్నా నా చేతి అతుకు మీద ఆయన మగ్గం పోవల్ల. ఆ పంటికి గాటు పెట్టిస్తే చాలు. నా పాత పంటికి ఉండినట్ల."

డాక్టరు మగ్గం వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, మోహన్ చేతిలోని టీ గ్లాసు వైపు కూడా చూశాడు. చెప్పవలసిన మాట ఒకటుంది. అది ఆయనకు మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకం నుంచి తెలుసు.

సహజమైన పన్ను ఎముకలో దిగగొట్టిన మేకు కాదు. దాని వేరు చుట్టూ కంటికి కనిపించని నారపోగులు వేల సంఖ్యలో ఎముక దాకా సాగి, పన్నును గాలిలో ఊయలలా వేలాడదీస్తాయి. అన్నంలో ఇసుక రేణువు పడినా మనిషికి తెలిసేది ఆ పోగుల వల్లనే. మరకు అవి ఉండవు. అది ఎముకను నేరుగా కరచుకొంటుంది. అందుకే అంత గట్టిగా నిలుస్తుంది. ఏ బలానికి వేణుమాధవ్ పదేళ్ళు సభల్లో చప్పట్లు అందుకొన్నాడో, ఆ బలమే జయమ్మ పంటిని మొద్దుబార్చింది. ఎంత గాటు పెట్టినా పోగు నిలుస్తుందేమో గాని, తెలియదు.

ఆయన ఈ మాట చెప్పలేదు. చెప్పడానికి ఆమె ముఖం అనువుగా లేదు. "చూద్దాంలేమ్మా," అన్నాడు. మహావైద్యులు ఓటమిని ఒప్పుకోనక్కర లేకుండా పూర్వులు కనిపెట్టి ఉంచిన మాట అది. పెట్టె తెరిచి, పన్ను వెనుక ఉన్న చిన్న రంధ్రంలోంచి పింగాణీని బిగించిన చిన్న మరను తిప్పి, కిరీటాన్ని మాత్రం ఊడదీశాడు. జయమ్మ కొత్త పడుగులోంచి మూరెడు పోగు తెంపి, కాగితంలో మడిచి ఆయన చేతికి ఇచ్చింది. కొలతకు.

శైలజను పెనుకొండ బస్టాండులో హిందూపురం బస్సు ఎక్కించి, డాక్టరు కొండ కింది వీధికి వచ్చాడు. ఒకప్పుడు విజయనగర ప్రభువులు రాజధానిగా చేసుకొన్న ఊరది. ఇప్పుడక్కడ కిరీట నిర్మాణ హక్కులు చౌడప్ప అనే కళాకారుడివి. కిరాయి మేడ మీద ఒక కొలిమి, ఒక మైక్రోస్కోపు, గోడ నిండా పింగాణీ రంగుల నమూనాలు. చుట్టుపక్కల ఊళ్ళ దంతవైద్యులందరికీ పళ్ళు చేసిపెట్టేది ఆయనే. పదిహేడో నంబరు ఆయన చేతి పని.

"ఏం సార్, ఇరిగిందా?" అన్నాడు, డబ్బీలో పన్ను చూడగానే.

"లేదు."

"రంగు మారిందా?"

"లేదు చౌడప్పా."

"మరి ఎందుకు ఊడబెరికితిరి? నిలబడిన గుడిని పడగొట్టినట్ల." పన్నును పట్టకారుతో ఎత్తి మైక్రోస్కోపు కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. చూస్తుండగా ఆయన భుజాలు కొంచెం విశాలమయ్యాయి. "పదేండ్లు! గీతన్నా పడల్యా. నా పెండ్లాము నన్ను ఇంత పొగిడిందా ఏనాడన్నా? ఈ పన్ను పొగుడుతాంది."

"దానికి గాటు పెట్టాలి."

చౌడప్ప తల ఎత్తలేదు. "ఇంకొకసారి చెప్పండి."

డాక్టరు చెప్పాడు. మగ్గం, పడుగు, శుక్రవారం. కాగితం విప్పి పోగు చూపించాడు. చౌడప్ప దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, పన్ను అంచున అడ్డంగా పెట్టి చూసి, సన్నని వజ్రపు ముల్లు ఉన్న యంత్రాన్ని చేతిలోకి తీసుకొని, మళ్ళీ కింద పెట్టేశాడు.

"గాటు పెడ్తా. పోగు నిలుస్తాది. ఆయమ్మకు తెలుస్తాదా సార్?"

"చూద్దాం."

"మీకు తెల్సు గదా."

"పెట్టు చౌడప్పా."

యంత్రం కీచుమంది. పదేళ్ళ అనుభవాలకు గీరుపడని పింగాణీ మీద మూడు నిమిషాల్లో గాటు పడింది. చౌడప్ప దాన్ని మెరుగు పట్టి, కొలిమిలో మళ్ళీ కాల్చి, చల్లారాక పోగును గాటులో ఆడించి చూశాడు. పోగు ఎక్కడా తగులుకోకుండా సాగింది. పట్టకారుతో పన్నును డబ్బీలో పెడుతూ, "ఫోటో తియ్యద్దు సార్ దీన్ని," అన్నాడు.

గురువారం ఉదయం డాక్టరు ఒక్కడే ధర్మవరం వచ్చాడు. పన్ను బిగించాడు. మోహన్ మరమగ్గాల పనిమీద వెళ్ళాడట; ఇంట్లో జయమ్మ తప్ప ఎవరూ లేరు. తలంటు పోసుకొని, కొప్పు వేసుకొని, పళ్ళెంలో విబూది, వెలుతురుకు వాకిలి తలుపులు బార్లా తెరిచి పెట్టుకొని ఉంది. కొత్త పడుగు చుట్ట విప్పి గది పొడవునా పరిచింది. నేరేడు రంగు నేల మీద ఏరులా పారింది. డాక్టరును పక్కన పీట మీద కూర్చోమంది. శస్త్రచికిత్సలో తాను ఇన్నేళ్ళు ఇతరులకు ఇచ్చిన స్థానం అదని ఆయనకు తెలుసు.

మగ్గం వెనుక కట్టిన పాత కొసల్లోంచి మొదటి పోగు విడదీసి పంటి గాటులో పెట్టింది. నిలిచింది. ఆమె కళ్ళు వెలిగాయి. మెలిపెట్టింది, అతికింది. రెండోది. మూడోది. నాలుగోది తెగింది. పాత కొస ఇంకొంచెం లాగి మళ్ళీ పెట్టింది. తెగింది. తరువాతది పట్టిందనుకొని మెలిపెడితే, చేతిలో ఉన్నది కొత్త పోగొక్కటే. పాతది పంటి మీది నుంచి ఎప్పుడో జారిపోయింది, ఆమెకు తెలియలేదు. కళ్ళు దగ్గరకు తెచ్చి వెతికింది. చూడనక్కరలేని పనిని ఆమె చూస్తూ చేయడం మొదలుపెట్టింది. గంట గడిచింది. పందొమ్మిది అతుకులు. అందులో ఏడు, చేయి తగలగానే విడిపోయాయి.

జయమ్మ విబూది చేతులు ఒడిలో పెట్టుకొంది.

"గాటు బాగుండాది సార్. చేసినాయప్ప చెయ్యి మంచిది."

అని, అలవాటుగా పక్కకు తిరిగింది. పక్కన శైలజ లేదు. మోహన్ లేడు. చెప్పడానికి మూడో మనిషి ఆ ఇంట్లో లేడు. ఆమె చూపు గదంతా తిరిగి, ఆగడానికి చోటు దొరక్క, మగ్గం మీద నిలిచింది.

"తెలీడంల్యా," అంది మగ్గంతో.

"తెలియదమ్మా," అన్నాడు డాక్టరు. "ఎవరు ఎంత గాటు పెట్టినా తెలియదు. పన్నుకు తెలివి ఉండేది దాని వేరు చుట్టూ ఉండే పోగుల్లో. నీ పన్నుతో పాటు అవి పోయాయి. మరకు అవి రావు. నాకు నిన్ననే తెలుసు. పదేళ్ళ కిందట కూడా తెలుసు. నువ్వు పంటితో ఏం పని చేస్తావో అడగాలని నాకు తోచలేదు."

తిడుతుందనుకొన్నాడు. తిడితే బాగుండుననుకొన్నాడు. ఆమె ఆ మాటలను వరుసగా లోపలికి తీసుకొంది.

"అంటే నా చెయ్యి చెడిపోల్యా?"

"లేదు."

"నాకు మనసు ల్యాక గాదు."

"కాదమ్మా. ఎముకలో సంగతి. నీ చేతిలో లేదు."

"ఈ మాట అప్పుడు చెప్పింటే," అంది జయమ్మ నెమ్మదిగా, "ఆయనకు చెప్పుకుంటాంటి సార్. నేను గాదప్పా, పన్ను అని. వింటాండె. కేకలేసినా వింటాండె."

ఫారాలలో దేనికో ఒకదానికి ఎదురుగా ఒక అంకె వేసి ముగించే అలవాటు డాక్టరు చేతిది. ఆ చేయి మోకాలి మీద ఊరకే ఉంది.

జయమ్మ లేచింది. నేల మీది కొత్త పడుగును, అతికిన పన్నెండు పోగులనూ విడదీసి, చుట్ట చుట్టి తెల్లగుడ్డలో పెట్టింది. గూట్లోంచి కత్తెర తెచ్చింది.

"రేపు వడ్రంగి వచ్చి గొడ్డలి పెట్టి కోస్తాడు. వానికేం తెలుసు. నేనే కోస్తా. మీరు ఆ పక్క పట్టుకోండి సార్. ఊరకే వదిలితే పోగులు చిక్కుపడ్తాయి."

మగ్గం వెనుక, పాత పడుగు కొసలన్నీ గుత్తులుగా కట్టిన కర్ర ఒకటి తాడుతో గోడకు బిగించి ఉంది. ఆమె చెప్పినట్టు డాక్టరు తాడు విప్పి, కర్రను రెండు చేతులా పట్టుకొని వెనక్కు లాగి నిలబడ్డాడు. చేతులకు బరువు తెలిసింది. బరువు కాదు, లాగుడు. నాలుగు వేల పోగులు అవతలి నుంచి ఒక్కటిగా పట్టి లాగుతున్నాయి. సన్నగా అదురుతున్నాయి కూడా. వీధిలో ఎద్దులబండి పోతే ఆ అదురు మారింది. ఎనిమిది నెలలుగా ఆ పోగులు అలా ఉన్నాయని, మార్కండేయులు ఒరిగిపోయిన నాటి బిగువులోనే ఉన్నాయని ఆయనకు అప్పుడు తెలిసింది.

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

జయమ్మ గుంత అంచున కూర్చొని, మార్కండేయులు ఆఖరున నేసిన బట్ట అంచు దగ్గర పోగులకు కత్తెర పెట్టింది. మొదటి గుత్తి తెగింది. డాక్టరు ఎడమచేతిలో లాగుడు కొంచెం తగ్గింది. రెండోది. కర్ర ఒకవైపుకు ఒరిగింది, ఆయన సరిచేసుకొన్నాడు. ఆమె తొందరపడలేదు. ఒక్కో గుత్తిని వేళ్ళతో దువ్వి, చిక్కు లేకుండా చూసి, అప్పుడు కోసింది. మధ్యలో ఒకసారి ఆగి, ఒక పోగును పైకెత్తి వెలుతురులో చూసి, "ఇది పరాయి అతుకు," అని కోసింది. కుడిచేతిలోనూ వదులైంది. ఆఖరి గుత్తి దగ్గర ఆమె కత్తెర చాలాసేపు తెరిచే ఉంది. డాక్టరు ఆ మిగిలిన కొద్దిపాటి లాగుడును వేళ్ళ కొసలతో పట్టుకొని నిలబడ్డాడు.

కత్తెర మూసుకొంది. కర్ర ఆయన చేతుల్లోనే ఉంది. అవతలి నుంచి ఎవరూ లాగడం లేదు.